నల్లగుడ్డ మీద పన్నెండు పుర్రెలు

హిందూపురం,
5 ఆగస్టు 2024

అత్తా,

బాగున్నావా అని అడిగితే "బాగుండకేం, నాకేం మాయరోగం" అంటావు. అందుకే అడగను. నేరుగా సంగతికి వస్తాను.

ఈ మూటను కుళ్లాయప్ప చేతికిచ్చి పంపిస్తున్నాను. వారానికి రెండుసార్లు చింతపండు లారీ తోలుకుని ఇక్కడి మార్కెట్టుకు వస్తాడు కదా, పెనుకొండకు ఖాళీగానే తిరిగిపోతాడు. గుడ్డకు చింతపండు వాసన పడితే నన్ను తిట్టొద్దు. పని మాటలు ఫోనులో కాదు, కాగితం మీదే ఉండాలని నువ్వు పెట్టిన నియమం ప్రకారం ఈ ఉత్తరం.

పోయిన ఏడాది ఊరికే ఒక పుర్రె బొమ్మకు గళ్ల కాగితం మీద గడికో కుట్టు చొప్పున క్రాస్ స్టిచ్ చార్టు గీసి నెట్‌లో పెట్టాను, గుర్తుందా? దాన్ని చూసి ఇంగ్లండులో కుట్టు పుస్తకాలు వేసే ఒక కంపెనీ ఆమె రాసింది. పన్నెండు నెలలకు పన్నెండు పుర్రెలు కావాలట. అన్నీ మన పక్క సరుకుతోనే గీశాను. ఒకదాని కంటి గుంతలోంచి శనక్కాయ చెట్టు మొలుస్తుంది, ఒకదానికి పొట్టేలు కొమ్ములు, ఒకదానికి కనకాంబరాల దండ. కుట్టిన బొమ్మల ఫొటోలు జనవరి ముప్పై ఒకటికల్లా చేరాలి. ఒక్క రోజు దాటినా ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. గీసిన మనిషి పేరు, కుట్టిన మనిషి పేరు రెండూ పుస్తకంలో వేస్తారట.

నీకంటే బాగా కుట్టే మనిషి నాకు తెలియదు. గడి గడికీ రంధ్రాలుండే మ్యాటీ గుడ్డ నల్లది పంపుతున్నాను, ఎముక తెలుపు దాని మీదే లేస్తుంది.

నాయన సంగతి వినాలా? "యాడన్నా పుర్రెల్ని గోడకు తగిలించుకుంటారా పాపా? దుడ్లిచ్చే లచ్చిమి గూడా గడప కాడే నిలబడిపోతాది" అంటున్నాడు. జనవరి దాకా గడువిచ్చాడు. పుస్తకం రాకపోతే నా పై గదిలో అంగడి సరుకు సర్దుతాడట, నేను కింద కౌంటర్లో కూర్చుని గుండీలూ లేసులూ కొలవాలట. ఇరవై ఆరేళ్లకే నా బతుకు మూరల్లో కొలిచేస్తున్నాడు. నాకు నిలువ కాలు నిలవడం లేదు అత్తా.

నీ రేఖ


పెనుకొండ,
27 ఆగస్టు 2024

చిరంజీవి రేఖకు అత్త దీవెనలు.

మూట అందింది. చింతపండు వాసన పడింది. తిట్టాను.

మొదటి రెండు పుర్రెలూ అయిపోయాయి, పంపుతున్నాను. నల్లగుడ్డకు ఒడిలో తెల్ల తువ్వాలు పరుచుకుని కుట్టాలి, అప్పుడే రంధ్రాలు తెలుస్తాయి. మిద్దె మీద ఎండలో కూర్చుని కుట్టాను. నీ చార్టులో గుర్తులు మరీ చీమల్లాగా ఉన్నాయి. మూడోది గీసేటప్పుడు గళ్లు పెద్దవి చెయ్యి. కాగితం మిగిల్చి ఏం కడతావు?

పుర్రె కుట్టడం నాకు బాగానే ఉంది. పువ్వులు కుట్టీ కుట్టీ విసుగెత్తింది. నలభై ఏళ్లు బడిలో అవే గులాబీలు, అవే చిలకలు. మొన్న సాయంత్రం క్లాసుకు వచ్చే ఒక పిల్ల తల్లి వచ్చి, "ఏం టీచరమ్మా, ఇంట్లో కాటి బొమ్మలు కుడతాండావంట?" అని నిలదీసింది. "నీ తలకాయలో ఉండేది గూడా అదే కదమ్మా, దానికోసం కాటి దాకా పోవాల్నా?" అన్నాను. పిల్లను తీసుకుని వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు, మజ్జిగ తాగి వెళ్లింది.

మా సత్యానికి చెప్పు, లక్ష్మి గడప దగ్గర ఆగేది పుర్రెకు కాదు, వాడి మొహంలో ఉండే చిరాకుకు అని. వాడి అక్కగా నాకు ఆ మాట అనే హక్కుంది.

అత్త భానుమతి


హిందూపురం,
24 సెప్టెంబరు 2024

అత్తా,

మొదటి రెండూ చూసి నేను గది తలుపేసుకుని గెంతాను. ఫొటోలు పంపితే ఆ ఇంగ్లీషామె మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టింది. నిజం.

కానీ మూడోదానికి చెంప మీద ఆ నల్ల కుట్టేమిటి? చార్టులో అక్కడ తెలుపు ఉంది. ఒక్క గడే కదా అనుకోకు, ఫొటోలో అదే కనిపిస్తోంది. పైగా నెల రోజులకు ఒక్కటే వచ్చింది. ఈ లెక్కన పన్నెండు అయ్యేసరికి వచ్చే ఏడాది తొలి ఏకాదశి వస్తుంది. నేను ఒకసారి వచ్చి పక్కన కూర్చోనా? ఆదివారం రమ్మంటే వస్తాను.

రేఖ


పెనుకొండ,
1 అక్టోబరు 2024

రేఖకు అత్త దీవెనలు.

అది దిష్టి చుక్క. ఏ ముఖానికైనా దిష్టి చుక్క పెట్టడం మన ఇళ్లలో అలవాటు. నువ్వు నెలల పిల్లగా ఉన్నప్పుడు నీకు రోజూ నేనే పెట్టేదాన్ని, అప్పుడు నువ్వు చార్టు చూపించలేదు.

ఆలస్యం అంటావా, అమావాస్య ముందు మూడు రోజులు సూది పట్టకూడదు. మంగళవారం, శుక్రవారం నల్లగుడ్డ ముట్టకూడదు. ఇంత వయసొచ్చాక నాకూ కొన్ని పట్టింపులుంటాయి.

ఆదివారం రావద్దు. గోడలకు సున్నం వేయిస్తున్నాను, ఇల్లంతా చిందరవందరగా ఉంది. తరువాత చెప్తాను.

ఈ ఉత్తరంలో అక్షరాలు పెద్దగా ఉన్నాయని నవ్వకు. పెన్ను కొత్తది, సిరా కక్కుతోంది.

అత్త


హిందూపురం,
25 అక్టోబరు 2024

అత్తకు,

నాలుగోది, అయిదోది అందాయి. వాటిని చార్టు పక్కన పెట్టుకుని గడి గడీ సరిచూశాను.

నాలుగోదాని కుడి కంటి గుంత సగం పూడ్చేశావు. పుర్రెకు కన్ను మూతపడుతుందా అత్తా? అయిదోదాని పళ్లకు పాల తెలుపు వాడమంటే పసుపు దారం పెట్టావు. జీవితాంతం వక్కాకు నమిలిన పుర్రెలాగా ఉంది. ఇది కూడా పట్టింపేనా?

నాకు అర్థమైంది. ఊళ్లోవాళ్ల మాటలు నీ చెవిలో పడ్డాయి. మొదట్లో ధైర్యంగానే ఉన్నావు, ఇప్పుడు భయం పట్టుకుంది. కళ్లను గుంతలుగా వదలడానికి చెయ్యి రావడం లేదు, అవునా? అమ్మవారి మెడలో దండంతా ఏమిటి, నిమ్మకాయలా? దానికి కళ్లకద్దుకుని దండం పెడతాం, అదే బొమ్మ గుడ్డ మీద కుడితే పాపమా?

ధర్మవరంలో ఉమాదేవి అని ఒకామె ఉంది. మగ్గం చీరల అంచులకు గ్రాఫు గీస్తారు కదా, వాళ్ల ఇంటి కోడలు. గళ్లు లెక్కపెట్టడం ఆమెకు నీళ్లు తాగినంత సులువు. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, మిగతావి ఆమెకిస్తాను. నీకు తెల్లగుడ్డ మీద చిలకలు గీసి పంపుతాను. కోపం లేదు. వంద రోజులు కూడా లేవు, అదొక్కటే నా బాధ.

రేఖ


పెనుకొండ,
30 అక్టోబరు 2024

రేఖకు,

చిలకలు పంపుతావా? నాకు? నీకు సూది పట్టుకోవడం నేర్పినదాన్ని నేను. సూది నోట్లో పెట్టుకున్నావని వీపు మీద ఒక్కటి వేసినదాన్ని నేను. ఇప్పుడు నాకు చిలకలు!

ఇవ్వు, ఉమాదేవికే ఇవ్వు. ఆమె కళ్లు చల్లగుండ. కుట్టు నా చేతిలోంచి లాక్కోవాలనుంటే లాక్కో, కానీ భయపడ్డానని మాత్రం అనకు.

కంటి గుంత ఖాళీగా ఉంటే ఇంట్లో పెట్టుకోవడానికి మనసొప్పలేదు, అందుకే పూడ్చాను. పళ్లు అలా ఉంటేనే సహజం. వాదించకు.

సుబ్బలక్ష్మమ్మతో తోడుగా మొన్న కంటి శిబిరానికి వెళ్లాను. పక్కింటామె, నీకు తెలుసు కదా. లైను చాలా పొడుగ్గా ఉంది. లోపల ఒక ముసలాయన "కన్ను కోస్తారంట, కోసినాక నెలపొద్దు వంగకూడదంట, పొయ్యి కాడికి పోకూడదంట" అని చెప్తూ కూర్చున్నాడు. నేను చెప్పులు వెతుక్కుని ఇంటికొచ్చేశాను. ఆమె కోసం వెళ్లానులే, నాకేం పని.

ఇంతకీ నన్ను తీసేసినట్టేనా? అదొక్కటి రాయి. నాకు అన్నం సయించడం లేదు.

అత్త


హిందూపురం,
6 నవంబరు 2024

అత్తా,

క్షమించు. ఉమాదేవి మాట ఎత్తకుండా ఉండాల్సింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు, నేను నాయన మీద కోపం అత్త మీద చూపించాను.

నాలుగూ అయిదూ మళ్లీ చూశాను. వెలుతురులో పెట్టి చూస్తే బాగున్నాయి. ఇక నుంచి నీ పట్టింపులు నీవి. నువ్వే కుట్టు, పన్నెండూ నువ్వే కుట్టు. ఆరు, ఏడు చార్టులు పంపుతున్నాను. నువ్వడిగినట్టే గళ్లు పెద్దవి చేశాను.

అన్నం తిను. నీ మీద ఒట్టు కాదు, నా మీద ఒట్టు.

రేఖ


పెనుకొండ,
14 డిసెంబరు 2024

చిరంజీవి రేఖకు అత్త దీవెనలు, ముద్దులు కూడా.

తొమ్మిదోది, పదోది పంపుతున్నాను. "ఏడోది అదిరిపోయింది, ఎనిమిదోదాని కొమ్ములు నిజం పొట్టేలువే" అని నువ్వు రాసినదాన్ని రెండు పూటలు చదువుకున్నాను. నా చెయ్యి ఇంకా పనికొస్తుందన్నమాట! చేతికి లెక్క తెలుసు రేఖా, మెదడు మరిచినా చెయ్యి మరవదు.

నీకు ఒక సంగతి చెప్పాలని దీపావళి నుంచి అనుకుంటున్నాను. చెప్పి, సుబ్బలక్ష్మమ్మతో ధర్మవరం వెళ్లాలని కూడా అనుకున్నాను. ఇప్పుడు అవసరం లేదనిపిస్తోంది. పని బాగా జరుగుతున్నప్పుడు దాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు? పుస్తకం అయిపోయాక చూద్దాం.

క్లాసులో పిల్లలు పదకొండు మందీ బాగున్నారు. ఈ మధ్య వాళ్లకు రోజూ ఒక పరీక్ష పెడుతున్నాను. ఎవరు ముందుగా సూదిలో దారం ఎక్కిస్తే వాళ్లకు బెల్లం ముక్క. బెల్లం నీ ఊరిదే, కుళ్లాయప్ప తెచ్చాడు.

అత్త భానుమతి


హిందూపురం,
6 జనవరి 2025

అత్తా,

పదకొండోది అందింది. బాగుంది. పన్నెండోది ఇరవై అయిదు లోపల చేరితే ఫొటో తీసి పంపించేస్తాను. నిద్ర పట్టడం లేదు, కళ్లు మూస్తే గళ్లే కనిపిస్తున్నాయి. నాయన పై గదిలోకి వచ్చి టేపుతో కొలిచి వెళ్లాడు. ఎన్ని అట్టపెట్టెలు పడతాయో చూసుకుంటున్నాడట.

పన్నెండోది తేలిక. ఒక్క తెలుపే, అలంకారం లేదు. ఒట్టి పుర్రె.

రేఖ


పెనుకొండ,
22 జనవరి 2025

రేఖా,

పన్నెండోది ఈ మూటలో ఉంది. ముందు దాన్ని చూడు, తరువాత ఇది చదువు.

చూశావా? చార్టు ప్రకారం లేదు. ఎందుకంటే నేను చార్టు చూడలేదు. చూడలేను. నాకు కళ్లు కనిపించడం లేదమ్మా.

పోయిన వేసవి నుంచే రెండు కళ్లలో మంచు పట్టింది. తెల్లగుడ్డయితే ఎలాగో లాక్కొచ్చేదాన్ని. నల్లగుడ్డ మీద మొదటి రెండూ మధ్యాహ్నపు ఎండలో కుట్టాను, తరువాత ఎండ కూడా చాలలేదు. దిష్టి చుక్క లేదు, పాడూ లేదు. లెక్క తప్పి పడిన కుట్టు అది. కంటి గుంత లెక్క తప్పి పూడింది. పాల తెలుపు దారం, పసుపు దారం నాకు ఒకటే రంగు. అమావాస్యా లేదు, మంగళవారమూ లేదు. సున్నం కూడా వేయించలేదు, నువ్వొస్తే కనిపెట్టేస్తావని చెప్పాను. పిల్లల పరీక్ష నా సూదుల కోసమే. ఎడమ కన్ను దీపావళికే పోయింది, కుడి కంటితో భూతద్దం పెట్టి నీ ఉత్తరం ఒకటి చదవడానికి ఒక పూట పడుతుంది.

ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. సూదిలో దారం ఎక్కించలేని కుట్టు టీచరమ్మ అనిపించుకోవడం కంటే, పట్టింపులున్న ముసల్ది అనిపించుకోవడం మేలనుకున్నాను. నువ్వు ఉమాదేవి పేరు రాసిన రోజు ప్రాణం పోయినట్టయింది. చెప్తే నిజంగానే తీసేస్తావనుకున్నాను. తరువాత నువ్వు "బాగుంది, బాగుంది" అంటుంటే, కళ్లు లేకపోయినా కుట్టగలుగుతున్నానని పొంగిపోయాను.

ఈ పన్నెండోదానికి చార్టులో ఒక్క గడి కూడా కనిపించలేదు. మూడు రోజులు ఊరికే కూర్చున్నాను. తరువాత కాగితం పక్కన పెట్టి, ఎడమచేతి వేళ్లతో నా ముఖాన్ని తడుముకున్నాను. కనుబొమ్మ ఎముక ఎక్కడ మొదలవుతుంది, చెంప ఎక్కడ దిగుతుంది, దవడ ఎక్కడ వంగుతుంది. తడుముకోవడం, సూది మొనతో రంధ్రం వెతకడం, ఒక కుట్టు వెయ్యడం. పైవరుసలో ఒక పన్ను లేదు, అది పోయిన ఏడాది పీకించుకున్నదే. ఇది నీ పుర్రె కాదు, నాది. పనికిరాకపోతే పారెయ్యి. నీ గడువుకు నేనే అడ్డం పడ్డాను, నన్ను ఎన్ని మాటలన్నా పడతాను.

అత్త


హిందూపురం,
24 జనవరి 2025

అత్తా, అత్తా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. నాయన వచ్చి ఏమైందని అడిగితే ఉత్తరం చేతికిచ్చాను. ఆయన అంగడికి మధ్యాహ్నమే షట్టర్ దించేశాడు. అలా దించడం నేను పుట్టాక చూడలేదు.

పన్నెండోదాన్ని పారేయడమా? దాన్ని ముందు పెట్టుకుని, నువ్వు వేసిన ప్రతి కుట్టునూ లెక్కపెట్టి కొత్త చార్టు గీశాను. ఒక రాత్రంతా పట్టింది. నా చార్టు చింపేశాను. పుస్తకంలో వెళ్లేది నీదే. ఫొటోలన్నీ ఇప్పుడే పంపించాను.

సోమవారం నాయనా నేనూ వస్తున్నాము. ధర్మవరంలో కంటి డాక్టరు దగ్గర మాట్లాడాను. "మా అక్క తప్పించుకుంటాది, నేను గూడా వస్తా, ఈసారి చెప్పులు దాచిపెడతా" అంటున్నాడు నాయన. నువ్వు మిద్దె మెట్లు ఒక్కదానివే ఎక్కొద్దు.

ఇంకేదో రాయాలి. తరువాత రాస్తాను.

రేఖ


పెనుకొండ,
18 మార్చి 2025

రేఖకు,

ఈ ఉత్తరంలో అక్షరాలు చిన్నగా ఉన్నాయి, చూశావు కదా. ఆపరేషనయ్యాక కుడి కన్ను బంగారంలాగా వచ్చింది. కోట గోడ మీద ఏ రాయికి ఆ రాయి విడిగా కనిపిస్తోంది. ఎడమ కంట్లో వెలుతురు మాత్రం తెలుస్తుంది, అంతే. "పొర ముదిరిపోయి నరం దెబ్బ తినింది, నెలన్నర ముందొచ్చి ఉంటే" అని డాక్టరు అన్నప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. బయటికి వెళ్లిపోయావు. నీళ్ల సీసా కోసమేమో అనుకున్నాను.

కట్టు విప్పగానే నేను మొదట అడిగింది పుస్తకం ఫొటోలు. నువ్వు అయిదు వారాలు తిప్పించి, మొన్న కాగితాల మీద అచ్చు వేయించి కుళ్లాయప్ప చేత పంపావు. పన్నెండింటి కిందా "కుట్టినది: భానుమతి, పెనుకొండ" అని ఉందని ఆ పేజీల మీద తెలుగులో రాసిచ్చావు.

నా పై కుట్టు ఎప్పుడూ ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు వాలుతుంది. నలభై ఏళ్లలో మారలేదు. నీది ఎడమచేతి వాటం, ఎంత చెప్పినా నీ కుట్టు ఎదురు పక్కకే వాలుతుంది. మొదటి రెండూ నావి. చివరిదీ నాదే. మధ్యలో తొమ్మిదీ నీవి. ఒక్క కంటితోనే కనిపించింది.

ఫొటోలు తెచ్చినప్పుడు కుళ్లాయప్ప ఇంకొకటి చెప్పాడు. "మీ తమ్ముని అంగడి ముందర బూడిద గుమ్మడికాయ పక్కన ఒక పుర్రె వేలాడతాండాది టీచరమ్మా, ఒక కన్ను సగం మూసుకోని. దిష్టికి భలే ఉండాదిలే!" అన్నాడు. అది నా నాలుగోది. దాన్ని నువ్వు చెత్తలో వేస్తే మా సత్యం తీసి తగిలించుకుని ఉంటాడు.

ఎందుకు చెప్పలేదు? తప్పు కుట్టావని ఒక్క మాట అనకుండా, "కొమ్ములు నిజం పొట్టేలువే" అని ఎందుకు రాశావు? నా క్లాసులో ఒక పిల్ల ఇంకొక పిల్ల చేత కుట్టించుకుని వస్తే మొత్తం విప్పిస్తాను, నీకు తెలుసు. నా పేరు పరాయి కుట్టు కింద పెట్టావు. నువ్వు బాగుందన్నావనే డిసెంబరులో నేను ధర్మవరం వెళ్లలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. తప్పు నాది కూడా, మొదట అబద్ధం చెప్పింది నేనే. అయినా కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది.

భానుమతి


హిందూపురం,
23 మార్చి 2025

అత్తా,

డాక్టరు ఆ మాట అన్నప్పుడు నేను నీళ్లకు వెళ్లలేదు. ఆస్పత్రి వెనక గోడకు తల కొట్టుకున్నాను.

"అన్నం సయించడం లేదు" అని నువ్వు రాసిన రోజు నాకు భయం వేసింది. పుర్రెలు కుట్టాలంటే నీకు దేవుడి భయం, నా కోసం ఇష్టం లేకుండానే కుడుతున్నావు, ఇంకా ఒత్తిడి పెడితే నీకేమన్నా అవుతుందనుకున్నాను. నాయన అప్పుడే అన్నాడు, "మా అక్కకు పట్టింపులా? గుడి మొహం చూడని మనిషికి అమావాస్య యాడిది?" అని. నేను వినలేదు. నువ్వు పంపినవి పక్కన పెట్టి, కొత్త గుడ్డ మీద మూడు నుంచి పదకొండు దాకా నేనే కుట్టాను. నీకు "బాగుంది" అని రాస్తే నీకు సంతోషం, నాకు పని జరుగుతుంది అనుకున్నాను. నీ కళ్ల సంగతి తెలిశాక జనవరిలోనే చెప్పాల్సింది. చెప్తే నువ్వు కుట్టిన ఆ పన్నెండోదాని మీద కూడా నీకు నమ్మకం పోతుందని నోరు రాలేదు.

ఆ ఇంగ్లీషామెకు రాశాను. మధ్య తొమ్మిదింటి కింద పేరు మార్చమన్నాను. అచ్చుకు వెళ్లిపోయింది, ఇక మార్చలేమని జవాబు వచ్చింది. పుస్తకం అక్టోబరులో వస్తుంది. నాయన పై గది తాళం నాకే ఇచ్చేశాడు. దాన్ని చేతిలోకి తీసుకుంటే సిగ్గేస్తోంది.

నీ ఎడమ కన్ను నేనే పోగొట్టాను అత్తా. ఏం చేయమంటే అది చేస్తాను. పుస్తకమే వద్దని రాయమంటే రాస్తాను.

రేఖ


పెనుకొండ,
11 ఏప్రిల్ 2025

రేఖకు అత్త దీవెనలు.

పదిహేను రోజులు జవాబు రాయలేదు. కోపం తగ్గడానికి అంత పట్టింది. కొంచెం మిగిలింది, ఉండనీ.

పుస్తకం వద్దని రాయొద్దు. నా కన్ను నువ్వు పోగొట్టలేదు. చెప్పులు వెతుక్కుని లైనులోంచి వచ్చేసింది నేను. నువ్వు దాన్ని నీ నెత్తిన వేసుకుని ఏడుస్తూ కూర్చుంటే మాత్రం నేను ఊరుకోను, నాకు అది కూడా ఒక పని అవుతుంది.

నిన్న క్లాసులో పిల్లలకు అంతా చెప్పేశాను. సూదుల పరీక్ష ఎందుకు పెట్టానో చెప్పాను. నా పేరుతో వేరే చేతి కుట్టు అచ్చవుతోందని కూడా చెప్పాను. ఒక పిల్ల కిసుక్కుమంది. ఇంకొక పిల్ల లేచి, "అయితే విప్పల్ల కదా టీచరమ్మా, మా చేత విప్పిస్తావు గదా" అంది. నేను నేర్పిన మాటే అది.

అచ్చయినదాన్ని విప్పలేం. అందుకని ఇంకొకటి అనుకున్నాను. నీ చార్టులన్నీ నా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. మూడు నుంచి పదకొండు దాకా తొమ్మిదీ మళ్లీ కుడతాను, నల్లగుడ్డ మీదే, ఒక్క గడి తప్పకుండా. నెలకు ఒకటైనా కానీ, ఒకటిన్నరైనా కానీ. అక్టోబరుకు పుస్తకం వచ్చేనాటికి అన్నీ కాకపోవచ్చు. అయినా ఒక్కొక్కటి అయ్యేకొద్దీ ఆ పేజీ కింద నా పేరు అబద్ధం కాకుండా పోతుంది.

నువ్వు వచ్చి పక్కన కూర్చో. చూడు, తప్పుంటే మొహం మీద చెప్పు, విప్పిస్తే విప్పుతాను. బాగుందని మాత్రం అనకు, నేనడిగేదాకా.

గుడ్డ సుబ్బలక్ష్మమ్మ చేత ఇక్కడే తెప్పించుకున్నాను. మూడోదానికి నిన్న సాయంత్రం సూది పెట్టాను. నుదురు అయిపోయింది.

అత్త భానుమతి